దూరం నేల మీద, వేగం గాలిలో: రెండు సుదూర విమానాశ్రయాల మధ్య ప్రయాణకాలం ఎలా తేలుతుంది?

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనెడీ విమానాశ్రయానికి ఎంత దూరమని అడిగితే, 15,300 కిలోమీటర్ల పైచిలుకు అన్న జవాబు క్షణంలో దొరుకుతుంది. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుందన్నదీ చాలామందికి తెలిసిన సంగతే. మొదటి సంఖ్యను రెండో సంఖ్యతో భాగిస్తే పదిహేడు గంటలు వస్తుంది. అయితే ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా నడిచే విమానానికి సంస్థ ప్రకటించే సమయం పద్దెనిమిదిన్నర గంటలకు పైనే ఉంటుంది. పైగా ఒకరోజు ఆ సమయం కంటే చాలా ముందే చేరిన విమానం, మరో రోజు అదే సమయానికి బయలుదేరి కూడా ఆలస్యంగా దిగుతుంది.

భాగహారంలో పొరపాటేమీ లేదు. చిక్కంతా మనం భాగించిన రెండు సంఖ్యలు రెండు వేర్వేరు వస్తువులకు చెందినవి కావడంలో ఉంది. 15,300 కిలోమీటర్లు అన్నది నేల మీద కొలిచిన దూరం. 900 కిలోమీటర్ల వేగం అన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పిన వేగం. ఆ గాలి నిలకడగా ఉండదు. అది ఒక్కోచోట ఒక్కో దిక్కుకు, గంటకు వందల కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలిన ముడులన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

దూరం అంటే ఏ దూరం?

ముందు దూరం సంగతి చూద్దాం. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. గోళాన్ని సరిగ్గా దాని కేంద్రం గుండా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ అలాంటిదే. ప్రతి రేఖాంశమూ, భూగోళానికి అవతలి వైపున దానికి ఎదురుగా ఉన్న రేఖాంశంతో కలిసి, అలాంటి వృత్తమే అవుతుంది. అక్షాంశ వృత్తాలలో మాత్రం భూమధ్యరేఖ తప్ప మరేదీ మహావృత్తం కాదు. అందువల్లనే ఒకే అక్షాంశం మీద ఉన్న రెండు ఊళ్ల మధ్య నేరుగా తూర్పుకో పడమరకో వెళ్లడం దగ్గరి దారి కాకుండా పోతుంది.

సింగపూర్–న్యూయార్క్ జంట ఈ లెక్కకు ఎంతో అనువైనది. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. సింగపూర్ విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 1.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, న్యూయార్క్‌ది 40.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం. వాటి రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు, అంటే భూమికి ఒకదానికి ఒకటి అవతలి పక్కన ఉన్నట్టే. కాబట్టి అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చాలా సమీపంగా వెళుతుంది. సింగపూర్ నుంచి ధ్రువానికి 88.6 డిగ్రీలు, ధ్రువం నుంచి న్యూయార్క్‌కు 49.4 డిగ్రీలు, మొత్తం 138 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి అరవై నాటికల్ మైళ్లు, ఒక్కో నాటికల్ మైలుకు 1,852 మీటర్లు. గుణిస్తే 15,335 కిలోమీటర్లు వస్తుంది. నాటికల్ మైలు పుట్టిందే ఈ సౌలభ్యం కోసం: అక్షాంశంలో ఒక నిమిషపు దూరం ఒక నాటికల్ మైలు అన్నది నావికుల పాత లెక్క, దానిని 1,852 మీటర్లుగా 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం స్థిరపరిచింది. సముద్రం మీద పుట్టిన ఆ కొలతనే విమానయానం ఈనాటికీ వాడుతోంది.

ధ్రువం దాకా వెళ్లని మార్గాలలో కూడా ఈ వంపు కనిపిస్తుంది. న్యూయార్క్, మాడ్రిడ్ రెండూ దాదాపు 40.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. ఆ అక్షాంశాన్ని వదలకుండా తిన్నగా తూర్పుకు వెళితే సుమారు 5,940 కిలోమీటర్లు అవుతుంది. మహావృత్తం మీదుగా వెళితే మధ్యలో 46 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరంగా పోయి కిందికి దిగాల్సి వస్తుంది గానీ, దూరం 5,770 కిలోమీటర్లకు తగ్గుతుంది. ఉత్తరానికి జరిగేకొద్దీ ఈ పొదుపు మరింత పెరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం మీద ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు చోట్లను ఊహించుకోండి: అక్షాంశం వెంట వెళితే పది వేల కిలోమీటర్లు, ధ్రువం మీదుగా వెళితే 6,700 కిలోమీటర్ల లోపే.

ఇది నమ్మశక్యంగా లేదనిపిస్తే, తప్పు మనది కాదు, మన కంటికి అలవాటైన పటానిది. గెరార్డస్ మెర్కేటర్ 1569లో గీసిన పటం ఓడలు నడిపేవారి కోసం రూపొందినది. దిక్సూచి చూపే దిక్కును మార్చకుండా వెళ్లే దారి ఆ పటం మీద సరళరేఖగా కనబడుతుంది. నావికుడికి అది వరం. అయితే ఆ వరానికి మూల్యంగా ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ పటం సాగిపోతుంది. మహావృత్త మార్గం చుట్టు తిరిగినట్టు వంగిపోయి కనిపిస్తుంది. విమానంలో ముందు సీటు వెనుక ఉన్న తెర మీద ఈ వంపును చూసి విమానం దారి మళ్లిందేమో అనుకునేవారు ఒక గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే సందేహం తీరిపోతుంది.

ఒకే జంట విమానాశ్రయాలకు వేర్వేరు చోట్ల వేర్వేరు దూరాలు కనిపించడానికి కూడా కారణం ఉంది. భూమి కచ్చితమైన గోళం కాదు. మధ్యలో ఉబ్బి, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం సుమారు 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. సగటున 6,371 కిలోమీటర్ల గోళంగా భావించి చేసే సులువైన లెక్కకూ, ఈ నొక్కుడును పరిగణించే లెక్కకూ సుదూర మార్గాలలో పది, ఇరవై కిలోమీటర్ల తేడా రావచ్చు. రెండో రకం లెక్కకు థాడియస్ విన్సెంటీ 1975లో ఇచ్చిన సూత్రాలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఇక విమానాశ్రయం అన్నది కూడా బిందువు కాదు కదా. రన్‌వేనే మూడు, నాలుగు కిలోమీటర్ల పొడవుంటుంది. లెక్క కోసం విమానాశ్రయానికి ఒక సూచక బిందువును నిర్ణయించి, అక్కడి నుంచి కొలుస్తారు. కాబట్టి 15,000 కిలోమీటర్ల దూరాన్ని దశాంశ స్థానాలతో ప్రకటించడం కచ్చితత్వం కాదు, కచ్చితత్వమన్న భ్రమ మాత్రమే అని నా అభిప్రాయం.

ఆ గీత మీద విమానం ఎందుకు వెళ్లదు?

మహావృత్త దూరం ఒక కనీస హద్దు. విమానం అంతకంటే తక్కువ దూరం వెళ్లలేదు. ఎక్కువ వెళ్లడం మాత్రం పరిపాటి.

కొంత అదనం రెండు చివరలలోనే చేరుతుంది. విమానం సాధారణంగా గాలికి ఎదురుగానే లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. వెళ్లాల్సింది తూర్పుకైనా గాలి పడమర నుంచి వీస్తుంటే ముందు పడమరకు లేచి, తర్వాత మళ్లాలి. దిగే చోట వరుసలో ముందున్న విమానాల వెనుక చేరడానికి మరికొంత చుట్టు తిరగాలి. ప్రయాణాల వల్ల వెలువడే కర్బనాన్ని అంచనా వేయడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన పద్ధతిలో ఈ అదనాన్ని లెక్కలోకి తీసుకున్నారు: మహావృత్త దూరం 550 కిలోమీటర్ల లోపు అయితే 50, 5,500 లోపు అయితే 100, అది దాటితే 125 కిలోమీటర్లు కలుపుతారు.

ఇవి చిన్న సర్దుబాట్లు. దేశాలు తమ గగనతలాన్ని మూసివేసినప్పుడు అసలు భారం పడుతుంది. హెల్సింకి నుంచి టోక్యోకు మహావృత్త దూరం 7,800 కిలోమీటర్ల పైచిలుకు. ఆ గీత దాదాపు మొత్తం రష్యా మీదుగానే పోతుంది. రష్యా గగనతలం తెరిచి ఉన్న రోజుల్లో ఫిన్నెయిర్ విమానం తొమ్మిదిన్నర గంటల ప్రాంతంలో టోక్యో చేరేది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి మొదలయ్యాక యూరోపియన్ యూనియన్ దేశాలు, రష్యా పరస్పరం గగనతలాలు మూసుకున్నాయి. మార్చిలో ఫిన్నెయిర్ టోక్యో సర్వీసును పునరుద్ధరించినప్పుడు విమానం ఉత్తర ధ్రువం మీదుగా, అలాస్కా పక్కనుంచి దిగి, పదమూడు గంటల దాకా ఎగరాల్సి వచ్చింది. రెండు విమానాశ్రయాలూ ఉన్నచోటే ఉన్నాయి. వాటి మధ్య కిలోమీటర్లు మారలేదు. ప్రయాణం మాత్రం మూడున్నర గంటలు పెరిగింది.

ఇది కొత్త అనుభవమేమీ కాదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ గగనతలం పాశ్చాత్య విమానాలకు చాలా వరకు మూసి ఉండేది. అందుకే 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హేగెన్ నుంచి టోక్యోకు ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగుతూ విమానాలు నడపడం మొదలుపెట్టింది. 1983లో ఫిన్నెయిర్ డీసీ-10 విమానంతో అదే ధ్రువ మార్గంలో హెల్సింకి నుంచి టోక్యోకు ఆగకుండా ఎగిరింది. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత అదే సంస్థ అదే దారిని మళ్లీ వెతుక్కోవలసి రావడం, పటాల మీద గీతలకు రాజకీయం ఎంత దగ్గరో చూపుతుంది.

భూమి స్వరూపమూ, యంత్రం పరిమితులూ మరికొన్ని మలుపులు తెస్తాయి. టిబెట్ పీఠభూమి మీదుగా వెళ్లే మార్గాలను చాలా విమానాలు తప్పిస్తాయి. లోపలి గాలి పీడనం తగ్గిపోతే విమానం త్వరగా సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి; నేలే 4,500 మీటర్ల ఎత్తున ఉన్నచోట అలా దిగడానికి చోటెక్కడిది? విశాల సముద్రాల మీద రెండు ఇంజిన్ల విమానాలకు ఇంకో నియమం ఉంది. ఒక ఇంజిన్ ఆగిపోయినా, మిగిలిన దానితో నిర్ణీత వ్యవధిలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగే దారిలోనే అవి ఎగరాలి. 1953లో అమెరికా ఈ వ్యవధిని అరవై నిమిషాలుగా పెట్టింది. 1985లో అనుమతి పొందిన విమానాలకు అది 120 నిమిషాలకు పెరిగింది; 2014లో ఎయిర్‌బస్ ఎ350కి 370 నిమిషాల వరకు అనుమతి వచ్చింది. వ్యవధి పెరిగిన ప్రతిసారీ విమానం దారి మహావృత్తానికి మరికొంత దగ్గరగా జరిగింది. నాలుగు ఇంజిన్ల విమానాలు క్రమంగా కనుమరుగవడానికి ఇంధన ఖర్చుతో పాటు ఈ నియమాల సడలింపు కూడా తోడ్పడింది.

గాలి అనే కదిలే నేల

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రవహించే నదిలో పడవ నడిపిన వారికి ఈ సూత్రం కొత్తగా చెప్పనవసరం లేదు. పడవ వేగం నీటితో పోల్చి చెప్పేది. ఒడ్డున ఉన్నవాడికి కనిపించే వేగంలో ప్రవాహం కూడా కలుస్తుంది, లేదా తీసివేత అవుతుంది. విమానం విషయంలో ఆ ప్రవాహం గాలి.

మధ్య అక్షాంశాల మీద, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగవంతమైన వాయుప్రవాహాలు సాగుతుంటాయి. విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా అదే. భూమధ్యరేఖ వైపు వెచ్చగా, ధ్రువం వైపు చల్లగా ఉన్న గాలుల మధ్య ఉష్ణోగ్రత తేడా, భూభ్రమణం కలిసి ఈ ప్రవాహాలను పుట్టిస్తాయి; ఆ తేడా శీతకాలంలో ఎక్కువ కాబట్టి అప్పుడు వాటి ఉధృతీ ఎక్కువే. వేగం మామూలుగా గంటకు 100 నుంచి 200 కిలోమీటర్లు, తీవ్రమైనప్పుడు 400 దాటుతుంది. వీటిని 1920లలో జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆ ఫలితాలను అన్ని దేశాలవారి కోసం కృత్రిమంగా సృష్టించిన ఎస్పెరాంతో భాషలో ప్రచురించాడు. జరిగింది మాత్రం అందుకు విరుద్ధం. జపాన్ బయట వాటిని పట్టించుకున్నవారు బహు తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో ఎత్తున ఎగిరిన అమెరికన్ బాంబర్లు ఎదురుగాలికి చిక్కి దాదాపు నిలిచిపోయినంత పనైనప్పుడు గానీ ఈ ప్రవాహాల బలం ఎంతో బయటి ప్రపంచానికి బాగా తెలియలేదు.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. తూర్పు నుంచి పడమరకు వెళ్లేటప్పుడు భూమి మనకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి గమ్యమే దగ్గరికి రావాలి కదా అని కొందరు వాదిస్తారు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న మాట నిజమే. కానీ వాతావరణమూ, రన్‌వే మీద నిలిచిన విమానమూ కూడా ఆ భ్రమణంలో భాగమే. అవి నేలతో కలిసే తిరుగుతాయి. అందుచేత భూభ్రమణం నేరుగా ప్రయాణాన్ని తగ్గించదు, పెంచదు. దాని ప్రభావం ఉన్నదల్లా పరోక్షంగా, గాలుల దిశను మలచడంలోనే. దీనికి రుజువుగా లండన్–కేప్ టౌన్ వంటి ఉత్తర దక్షిణ మార్గాలను చూడవచ్చు. అక్కడ రానుపోను సమయాల మధ్య తేడా స్వల్పం.

న్యూయార్క్–లండన్ మార్గంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మహావృత్త దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. గాలి లేదనుకుంటే, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఒక్కో వైపు 6 గంటల 10 నిమిషాలు. పడమటి గాలి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. లండన్ వైపు వెళ్లేటప్పుడు నేల మీద వేగం 1,050 అవుతుంది. సమయం 5 గంటల 17 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో వేగం 750. సమయం 7 గంటల 24 నిమిషాలు. వెళ్లేటప్పుడు మిగిలింది 53 నిమిషాలు, వచ్చేటప్పుడు పోయింది 74 నిమిషాలు. గాలి ఒకవైపు ఇచ్చింది రెండోవైపు తిరిగి తీసుకుని లెక్క సరిపెడుతుందని అనుకుంటాం గానీ, ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి తీసుకునేదే ఎప్పుడూ ఎక్కువ. ఎంత గాలి ఉంటే అంత నష్టం. రానుపోను కలిపి చూస్తే గాలి లేని రోజే ఉత్తమం.

2020 ఫిబ్రవరి 9న, సియారా తుఫాను ఊపు మీద ఉన్నప్పుడు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలో చేరింది. ఒక దశలో నేలతో పోల్చినప్పుడు దాని వేగం గంటకు 1,327 కిలోమీటర్లు. సముద్రమట్టం దగ్గర ధ్వని వేగం 1,225 కిలోమీటర్లే కాబట్టి ఆ విమానం ధ్వనిని మించిపోయిందా అన్న సందేహం సహజం. మించలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది తన మామూలు వేగంతోనే వెళుతోంది. ఆ గాలే మొత్తంగా తూర్పుకు పరిగెడుతోంది. ఇంజిన్లకు గానీ రెక్కలకు గానీ ఆ రికార్డు తెలియనే తెలియదు.

కాబట్టి విమానానికి దారి గీసేవారు నేల మీద దూరాన్ని తగ్గించాలని చూడరు. గాలిలో దూరాన్ని, అంటే విమానం నిజంగా చీల్చుకుంటూ పోవాల్సిన గాలి మొత్తాన్ని, తగ్గించాలని చూస్తారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఈ పని రోజూ సామూహికంగా జరుగుతుంది. అవతలి తీరంలో కెనడాలోని గాండర్, ఇవతల బ్రిటన్, ఐర్లాండ్ కలిసి నడిపే షాన్‌విక్ నియంత్రణ కేంద్రాలు ఆ రోజు గాలి అంచనాలను బట్టి సమాంతర మార్గాలను రోజుకు రెండు విడతలుగా ప్రకటిస్తాయి. పగటిపూట పడమరకు వెళ్లే విమానాలకు జెట్ స్ట్రీమ్‌ను తప్పించుకునే దారులు, రాత్రిపూట తూర్పుకు వెళ్లే వాటికి ఆ ప్రవాహం మీద ఎక్కి స్వారీ చేసే దారులు. నిన్నటి దారి నేడు ఉండదు.

గాలి కోసం దూరాన్ని వదులుకోవడం ఎంత దాకా వెళ్లవచ్చో చెప్పడానికి ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో మార్గాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ సర్వీసును యూరప్, అట్లాంటిక్ మీదుగా మొదలుపెట్టినప్పుడు విమానం దారి పొడవునా పడమటి గాలికి ఎదురీదేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో విమానాన్ని తూర్పుకు తిప్పి, పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, అంటే 1,400 కిలోమీటర్లు అదనం. అయినా ప్రయాణం పద్నాలుగున్నర గంటలలో ముగిసింది, ముందటి దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ. సగటున నేల మీద గంటకు 1,050 కిలోమీటర్లకు పైగా వేగం వచ్చిందన్నమాట. తిరుగు ప్రయాణం ఎలాగూ అట్లాంటిక్ మీదుగా తూర్పుకే కాబట్టి, ఢిల్లీ నుంచి బయలుదేరి ఢిల్లీ చేరిన విమానం భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చినట్టే.

సింగపూర్–న్యూయార్క్ విమానం కూడా ధ్రువం మీది గీతను వదిలి, చాలా రోజులు జపాన్‌కు తూర్పుగా పసిఫిక్ మీదుగా వెళ్లడం ఈ కారణంగానే. నేల మీద దారి 16,000 కిలోమీటర్లు దాటుతుంది. పట్టే సమయం, ఖర్చయ్యే ఇంధనం తగ్గుతాయి. 2005 నవంబరులో బోయింగ్ 777-200ఎల్ఆర్ ఒకటి హాంకాంగ్ నుంచి లండన్‌కు పడమరగా 9,600 కిలోమీటర్ల దారిని కాదని, తూర్పుగా పసిఫిక్, ఉత్తర అమెరికా, అట్లాంటిక్ దాటి 21,602 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరింది. అది రికార్డు కోసం చేసిన ప్రయత్నం. దానికి పట్టిన 22 గంటల 42 నిమిషాలలో గాలి తోడ్పాటు కూడా ఉంది.

వేగం పెంచితే పోదా?

గాలి సంగతి సరే, విమానమే ఇంకా వేగంగా వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. జెట్ విమానం వేగాన్ని ధ్వని వేగంలో ఎన్నో వంతు అని చెబుతారు. ఎ350, బోయింగ్ 787 వంటివి ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి. ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. అక్కడ ధ్వని వేగం గంటకు 1,060 కిలోమీటర్లకు తగ్గుతుంది, అందులో 85 శాతం అంటే సుమారు 900. ధ్వని వేగాన్ని సమీపించేకొద్దీ రెక్క పైభాగాన ఆఘాత తరంగాలు (గాలి హఠాత్తుగా నొక్కుకుపోయే పొరలు) ఏర్పడి గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ గోడ దాటిన కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 53 నిమిషాలలో చేరింది. కానీ ఇంధనం ఖర్చు, నేల మీదికి వినిపించే పేలుడు లాంటి చప్పుడు దాన్ని కొన్ని మార్గాలకే పరిమితం చేశాయి. 2003లో అది విరమించింది. ఇప్పటి విమానాలు వేగాన్ని నిమిషానికయ్యే ఖర్చుకూ, కిలో ఇంధనానికయ్యే ఖర్చుకూ మధ్య తూకం వేసి నిర్ణయిస్తాయి. ఆలస్యంగా బయలుదేరిన విమానం కొంచెం వేగం పెంచినా ఎనిమిది గంటల ప్రయాణంలో మిగిలేవి నిమిషాలే.

టికెట్ మీది సమయం

విమానం గాలిలో ఉన్న సమయం ఒకటి, టికెట్ మీద కనిపించే సమయం మరొకటి. రెండోదాన్ని బ్లాక్ టైమ్ అంటారు: బయలుదేరే గేటు దగ్గర చక్రాలకు అడ్డుగా పెట్టిన దిమ్మలు తీసినప్పటి నుంచి, చేరిన గేటు దగ్గర మళ్లీ పెట్టే వరకు. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, వరుసలో వేచి ఉండడం, దిగాక గేటు దొరికే దాకా ఆగడం అన్నీ ఇందులోవే. రద్దీ విమానాశ్రయాలలో రెండు చివరలూ కలిపి ఇదే అరగంట నుంచి గంట దాకా అవుతుంది. దూరాన్ని స్థిరమైన వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట కలిపి చూపే సాధారణ అంచనాలు ఇక్కడే తడబడతాయి. వాటికి గాలి తెలియదు, దిక్కు తెలియదు. న్యూయార్క్–లండన్‌కూ లండన్–న్యూయార్క్‌కూ ఒకే సంఖ్య ఇస్తాయి. రెండు దిక్కులకూ ఒకే సమయం చూపే అంచనాను తూర్పు పడమరల మార్గాలలో నమ్మకూడదన్నది నేను పాఠకులకు ఇవ్వగలిగిన గట్టి సలహా.

విమానయాన సంస్థలు మాత్రం గత సంవత్సరాల అనుభవాన్ని బట్టి ఆయా నెలలకు, ఆయా దిక్కులకు వేర్వేరుగా సమయం నిర్ణయిస్తాయి. అందులో కొంత వెసులుబాటు కూడా కలుపుతాయి. అమెరికా రవాణా శాఖ లెక్కలలో, ప్రకటించిన సమయం దాటి పదిహేను నిమిషాలలోపు గేటు చేరిన విమానం సమయానికి వచ్చినట్టే. ప్రకటించే సమయమే కొంచెం ఎక్కువైతే సమయపాలన మెరుగ్గా కనిపిస్తుంది. ముందుగా చేరామన్న సంతోషంలో కొంత భాగం ఈ వెసులుబాటు నుంచే వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. తర్వాతి విమానం అందుకోవాల్సినవారికి నమ్మదగిన సమయమే కావాలి.

టికెట్ మీద ఉండే మరో చిక్కు గడియారం. బయలుదేరే సమయం అక్కడి కాలమానంలో, చేరే సమయం ఇక్కడి కాలమానంలో ఉంటాయి. శీతకాలంలో సింగపూర్ న్యూయార్క్ కంటే 13 గంటలు ముందుంటుంది. సింగపూర్‌లో అర్ధరాత్రి 12కు బయలుదేరి పద్దెనిమిదిన్నర గంటలు ఎగిరితే, న్యూయార్క్ గడియారంలో అదే తేదీ ఉదయం 5.30 అవుతుంది, ప్రయాణం ఐదున్నర గంటలే అనిపిస్తుంది. న్యూయార్క్‌లో రాత్రి 10కి బయలుదేరి అంతే సమయం తిరుగు ప్రయాణం చేస్తే, సింగపూర్‌లో మూడో రోజు ఉదయం 5.30. ఒకటే నియమం: రెండు సమయాలనూ ముందు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన ఒకే కాలమానంలోకి మార్చి, ఆ తర్వాత తీసివేయాలి. వేసవిలో గడియారాలు ముందుకు జరిపే దేశాలతో తేడా ఒక గంట మారుతుందని గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ దినరేఖ దగ్గర ఈ వింత పరాకాష్ఠకు చేరుతుంది. సమోవా 2011లో డిసెంబరు 30ని పూర్తిగా వదిలేసి దినరేఖకు ఇటువైపు వచ్చింది. ఇప్పుడు సమోవా నుంచి పక్కనే ఉన్న అమెరికన్ సమోవాకు అరగంట పైచిలుకు ప్రయాణించినవారు నిన్నటి తేదీలో దిగుతారు.

ఇక ప్రయాణం ముగిసిందని ఎప్పుడు అనాలి? చక్రాలు రన్‌వేను తాకినప్పుడా, గేటు దగ్గర ఆగినప్పుడా? యూరోపియన్ యూనియన్‌లో ఈ ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది, ఎందుకంటే అక్కడ పరిహారం దీని మీద ఆధారపడి ఉంది. 2004 నాటి 261వ నిబంధన ప్రకారం పరిహారం దూరాన్ని బట్టి మారుతుంది. 1,500 కిలోమీటర్లు, 3,500 కిలోమీటర్లు అందులోని హద్దులు. ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని నిబంధనే చెబుతుంది. మధ్యలో విమానం మారినా, మొదటి ఊరి నుంచి చివరి ఊరికి ఉన్న మహావృత్త దూరాన్నే తీసుకోవాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017లో స్పష్టం చేసింది. మూడు గంటలు, అంతకు మించిన ఆలస్యానికి కూడా పరిహారం వర్తిస్తుందని 2009లోనే ఆ న్యాయస్థానం చెప్పింది. ఆ మూడు గంటలను ఏ క్షణం వరకు లెక్కించాలన్నది 2014లో తేల్చింది: ప్రయాణికులు దిగడానికి వీలుగా విమానం తలుపుల్లో కనీసం ఒకటి తెరుచుకున్న క్షణం వరకు. అప్పటిదాకా ప్రయాణికుడు మూసి ఉన్న చోట, బయటి ప్రపంచంతో స్వేచ్ఛగా వ్యవహరించే వీలు లేకుండా ఉంటాడన్నది న్యాయస్థానం చెప్పిన కారణం.